అచ్చుతప్పులు దిద్దే చేయి

నా మొదటి నవల అచ్చయిన మూడో నెలలో, దాన్ని ఎవరో దిద్దారని తెలిసింది.

బీదర్ పాత ఊళ్ళో, ఒక విత్తనాల దుకాణం పైన చదువుకునే గది ఒకటి ఉంది. ఎప్పుడో ఇక్కడి తెలుగు వ్యాపారులు చందాలు వేసుకుని పెట్టుకున్నది. ఇప్పుడు అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కన్నడ పత్రికల కోసం, పోటీ పరీక్షల పుస్తకాల కోసం వస్తారు. తెలుగుకు మిగిలింది ఒక్క ఇనుప బీరువా. చిన్నప్పుడు నేను ఆ మెట్లెక్కలేదు. మా ఇళ్ళలో ఆడపిల్లలు అటు పోయేవాళ్ళు కాదు. బడిలో నేర్చింది కన్నడ; తెలుగు అక్షరాలు మా అమ్మ ఇంట్లోనే దిద్దించింది. ఇప్పుడు కోర్టు దగ్గర టైపింగ్ సెంటరు నడుపుకుంటూ, అమ్మతో ఇదే ఊళ్ళో చిద్రి వైపు ఉంటున్నాను. నవల రాశాక నాకు తోచిన మొదటి కోరిక, ఆ బీరువాలో నా పుస్తకం ఒకటి ఉండాలని.

కాని ఆ బీరువాలో పెట్టింది నేను రాసిన పుస్తకం కాదు. అది ముందు చెప్పాలి.

నేను రాసింది పదహారేళ్ళ పిల్లలు చదువుకోవడానికి ఒక కథ. ఇద్దరమ్మాయిలు. ఒకామె రోజూ భాల్కి నుంచి బస్సులో బీదర్ కాలేజీకి వస్తుంది, ఇంకొకామె స్టాండులో ఆమె కోసం నిలబడి ఉంటుంది. ఒక వానాకాలం నుంచి ఎండాకాలం దాకా వాళ్ళిద్దరి మధ్య పెరిగిన ప్రేమ తప్ప అందులో ఏమీ లేదు. ఎవరూ చావరు. ఎవరూ బావిలో దూకరు. నేను ఆ వయసులో ఉన్నప్పుడు అలాంటి కథ ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికి, దొరక్క, నాకేదో జబ్బు ఉందనుకున్నాను. అందుకే రాశాను.

హైదరాబాదులో ఒక చిన్న ప్రచురణ సంస్థకు పంపితే ఎడిటర్ ఫోన్ చేశారు. నెమ్మదస్తురాలు, మర్యాద తెలిసిన మనిషి.

"ఏకబిగిన చదివానండీ. ఎంత బాగా రాశారో," అన్నారు. "ఒక్కటే చిక్కు. ఇది పిల్లల పుస్తకం కదా. స్కూళ్ళు తీసుకోవు. ఇద్దరిలో ఒకరిని అబ్బాయిని చేయగలరా? కథ ఏమీ మారదు. క్రియల చివర్లే కదా మారేది."

ఆలోచించి చెప్తానని కూడా అనలేదు నేను. సరేనండీ అన్నాను. నలభై దగ్గర పడుతుంటే మొదటిసారి ఒకరు నా పుస్తకం వేస్తామన్నారు. ఆ సంతోషంలో నోరు దానంతటదే ఒప్పుకుంది.

సెంటరులో గిరాకీ లేని నాలుగు మధ్యాహ్నాలు ఆ పని చేశాను. కంప్యూటరులో ఒక మీట నొక్కితే అన్నీ ఒకేసారి మారిపోతాయనుకున్నాను. తెలుగు అలా లొంగలేదు. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఆమె చేసిన ఒక్కో పనినీ అతని చేత చేయించాల్సి వచ్చింది. నవ్వింది, నవ్వాడు. దిగింది, దిగాడు. ఆమె నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉండగానే ఆమెకు ఎవరి చొక్కానో తొడుగుతున్నట్టు ఉండేది. రెండోరోజు వెనక్కి చదువుకుంటుంటే ఒకచోట "వాన వచ్చాడు" అని కనబడింది. మన భాషలో ఆడపిల్లకూ, వానకూ, బస్సుకూ క్రియ ఒక్కటే. ఆమెను వెతుక్కుంటూ పోయిన నా వేళ్ళు వానను కూడా మగవాణ్ణి చేశాయి. సెంటరులో ఒక్కదాన్నే పైకి నవ్వాను. ఆ నవ్వు చెవిన పడి నాకే జంకు పుట్టింది.

పుస్తకం వచ్చింది. అట్ట మీద ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, వెనక ఎర్ర బస్సు. ఒక ప్రతి తీసుకెళ్ళి చదువుకునే గదికి ఇచ్చాను.

మూడు నెలల తరువాత, మార్చి ఎండలో, ఎవరైనా చదివారేమో చూద్దామని మెట్లెక్కాను. పైన వైమానిక దళం శిక్షణ విమానం ఒకటి చుట్లు కొడుతోంది. ఆ గదిని ముప్పై ఏళ్ళుగా చూసుకుంటున్న చాచా బల్ల మీద తల వాల్చి కునుకుతున్నాడు. బీరువా తెరిచి నా పుస్తకం తీశాను. వెన్ను నలిగి ఉంది. సంతోషంతో తెరిచాను.

మొదటి పేజీలో "బస్సు దిగాడు" అన్నచోట చివరి అక్షరాల మీద సన్నటి పెన్సిల్ గీత ఉంది. పైన చిన్న, గుండ్రటి అక్షరాలతో "దిగింది" అని రాసి ఉంది.

తరువాతి వాక్యంలో కూడా. దాని కింద కూడా. పేజీ తిప్పాను. ప్రతి పేజీలోనూ ఉంది. కండక్టరు జోలికి పోలేదు, తండ్రి పాత్ర జోలికి పోలేదు. నేను అబ్బాయిని చేసిన ఆ ఒక్క మనిషిని మాత్రం, ఎక్కడా తప్పిపోకుండా, ఒక్కో క్రియనూ పట్టుకుని వెనక్కి తిప్పారు. ఆ అబ్బాయికి నేను పెట్టిన పేరు వచ్చినచోటల్లా పేరు మీద గీత ఉంది. పైన మాత్రం ఖాళీ. ఆమె అసలు పేరు ఆ చేతికి తెలియదు.

డాబా మీది ఘట్టం దగ్గర నా వేలు ఆగిపోయింది. తలంటుకున్న తరువాత ఇద్దరూ డాబా మీద ఎండలో కూర్చునే చోటు అది. నా మొదటి ప్రతిలో అక్కడ ఒక పేరా ఉండేది: ఒకామె తడి జుట్టు చిక్కు తీసి, ఇంకొకామె జడ వేస్తుంది. అబ్బాయిని చేశాక ఆ పేరా తీసేశాను. ఇప్పుడు ఆ అంచున అవే గుండ్రటి అక్షరాలు.

"ఇక్కడ జడ ఉండాలి."

పుస్తకం మూసి చుట్టూ చూశాను. కిటికీ దగ్గర ఖాళీ కుర్చీ, పత్రికల స్టాండు, నిద్రపోతున్న చాచా. పుస్తకాన్ని బ్యాగులో వేసుకుని, దొంగలాగా, చెప్పుల చప్పుడు కాకుండా దిగాను. సగం మెట్లలో ఉండగా వెనక నుంచి చాచా గొంతు వినబడింది.

"మంచిగున్నవా బిడ్డా?"

"మంచిగున్న చాచా," అన్నాను, వెనక్కి చూడకుండా.

నేను రాసిన అసలు కథ తెలిసినవాళ్ళు ముగ్గురే. నేను, ఎడిటర్, ఇంకా ఆ భాల్కి బస్సు దిగిన మనిషి. అవును, ఆమె నిజంగా ఉంది. పెళ్ళయి మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న కమలనగర్‌లో ఉంటుంది. ఏడేళ్ళుగా పండగలకు ఫోన్లే తప్ప మొహాలు చూసుకోలేదు. నవల సంగతి చెప్పాను గాని పుస్తకం పంపలేదు. ఏం మొహం పెట్టుకుని పంపను? కాని ఆ డాబా మీద మేమిద్దరమే ఉన్నాం. జడ సంగతి ఇంకెవరికి తెలుస్తుంది? ఎవరి చేతనో పుస్తకం తెప్పించుకుని దిద్ది మళ్ళీ పెట్టించిందనుకున్నాను. ఆమెకు తెలుగు రాయడం వచ్చో రాదో కూడా ఆలోచించకుండా, ఆదివారం కమలనగర్ బస్సెక్కాను.

ఆమె వాకిట్లో కందులు ఆరబోస్తోంది. నన్ను చూసి చేతిలో చాట అట్లాగే పట్టుకుని నిలబడింది.

"ఏందే, చెప్పకుంట వచ్చినవ్? ఎవరన్న పోయిన్రా?"

"ఎవరు పోలె. నా పుస్తకం చదివినవా?"

"చదవనీకె నాకిచ్చినవా?"

లోపలికి తీసుకెళ్ళింది. భర్త పొలానికి, పద్నాలుగేళ్ళ కూతురు ట్యూషనుకు వెళ్ళారట. బ్యాగులోంచి పుస్తకం తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. పేజీలు తిప్పింది, కళ్ళు చిట్లించింది.

"నాకు తెలుగు మాట్లాడుడే వచ్చు గదనే. అచ్చం కన్నడ లెక్కనే కనపడ్తది గని, రెండు లైన్లకే కండ్లు గుంజుతయి. గీ గీకుడంత ఏంది? నువ్వే గీకినవా?"

"కాదు. నువ్వేమో అనుకున్న."

"నేనా?" అని, పుస్తకం దగ్గరికి లాక్కుని అడిగింది. "అయితె అండ్ల నేనున్ననా?"

"ఉన్నవ్."

"ఎట్లున్న?"

చెప్పక తప్పలేదు. "మొగపిల్లగాని లెక్క."

పగలబడి నవ్వింది. వాకిట్లో పడుకున్న కుక్క తలెత్తి చూసింది. నవ్వు ఒక్కసారిగా ఆపేసింది.

"మా ఇంటోళ్ళు నన్ను దాసిపెట్టిన్రు, లగ్గం చేసి. అది వాళ్ళ భయం. నీకేం భయముండె?"

నేను పుస్తకం వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమే పేజీలు తిప్పి, అంచున రాత ఉన్నచోట వేలు పెట్టింది.

"ఈడేం రాసిన్రు?"

చదివాను. "ఇక్కడ జడ ఉండాలి."

ఆమె చేయి దానంతటదే మెడ వెనక్కి వెళ్ళింది. జుట్టు ఇప్పుడు పొట్టిగా, ముడికే చాలీచాలకుండా ఉంది. ముడి తడిమి, నిప్పు తగిలినట్టు చేయి తీసేసింది.

"ఆ దినం డాబా మీద మనమిద్దరమే ఉంటిమి గదా?"

"ఇద్దరమే."

"మరి వీళ్ళకెట్ల ఎరుక?"

ఇద్దరం ఆ పుస్తకాన్ని మధ్యలో పెట్టుకుని, ఎవరో మూడో మనిషి వచ్చి కూర్చున్నట్టు, దాన్ని చూస్తూ ఉండిపోయాం. టీ తాగాక బస్సు దాకా వచ్చింది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి లోపలికి అంది.

"ఆ గీకినోళ్ళు దొరికితె, నేనడిగిన్నని చెప్పు."

మరునాడు చదువుకునే గదికి వెళ్ళి, పుస్తకం చెప్పకుండా తీసుకెళ్ళానని చాచాతో ఒప్పుకున్నాను. ఆయనకు ఉర్దూ వచ్చు, కన్నడ కొంత వచ్చు, తెలుగు చదవడం రాదు. నేను పేజీలు తెరిచి చూపిస్తే కళ్ళద్దాలు సవరించుకుని వంగాడు. గుండ్రటి అక్షరాల మీద చూపు నిలిచిపోయింది.

"ఇది టీచరమ్మ రాత," అన్నాడు.

"ఏ టీచరమ్మ?"

"ఆడపిల్లల బడిల తెలుగు చెప్తుండె. రోజు వచ్చి ఆ కిటికి కాడ కూసుంటుండె." కుర్చీ వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆమె లేదు బిడ్డా. పోయి ఆరేండ్లాయె."

ఆయన చెప్పింది ఇది. ఇద్దరు టీచరమ్మలు వెనక గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకుని ముప్పై ఏళ్ళు ఉన్నారు. ఒకామె తెలుగు, ఒకామె లెక్కలు. "లోకం అక్కచెల్లెండ్లు అనేది. మేం గూడ గట్లనే అన్నం. మొకాలు మాత్రం కలువయి." లెక్కల టీచరమ్మ ముందు పోయింది. తరువాత ఈమె ఇక్కడికి ఇంకా ఎక్కువగా వచ్చేది, చేతిలో ఎప్పుడూ పెన్సిలుతో.

"ఏం రాస్తున్నరమ్మా అని ఒక్కపారి అడిగిన. అచ్చుతప్పులు దిద్దుతున్న భాయ్ అన్నది. చదువుకున్న మనిషి, దిద్దుతుంటె నేనెందుకు వద్దంట?"

బీరువా కింది అర తెరిచాం. పిల్లల నవలలు, కాలేజీ కుర్రకారు నవలలు, అట్టలు ఊడి దారాలు వేలాడుతున్నవి. ఒకటి తీశాను. పల్లెకు వచ్చిన యువ డాక్టరు మొదటి పేజీలోనే యువతి అయిపోయి, ఆ ఊరి అమ్మాయిని ప్రేమించింది. ఇంకొకటి. గుర్రమెక్కి వచ్చిన రాకుమారుడి మీద గీత, పైన "రాకుమారి". ప్రేమకథ ఉన్న పుస్తకం ఒక్కటి కూడా వదలలేదు. ప్రతిదానిలోనూ అవే గుండ్రటి అక్షరాలు, "ది" రాసినప్పుడు చివర అదే చిన్న తోక. పెన్సిలు వెలిసి వెండిలా మెరుస్తోంది, ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనబడనంత.

నా పుస్తకం వాటి పక్కన పెట్టి చూశాను. అదే తోక. నా పుస్తకంలో గీత మీద వేలు రాశాను. నల్లటి పొడి అంటింది. ఆరేళ్ళ కింద పోయిన మనిషి పెన్సిలు పొడి నా వేలి మీద తాజాగా ఉంది.

చాచా పెదవులు కదిలాయి, ఏదో దువా చదువుకున్నాడు. "పుస్తకం ఆడనే పెట్టు బిడ్డా," అన్నాడు. "తీస్కపోకు."

పెట్టాను. తరువాత నాలుగు రోజులు, మధ్యాహ్నం సెంటరు మూసి అక్కడికి వెళ్ళి కూర్చున్నాను. ఎవరూ ఆ బీరువా దగ్గరికి రాలేదు. అయినా పుస్తకం కదిలేది. ఒకరోజు ఎడమ నుంచి మూడోది, మరునాడు అర చివర, ఆ మరునాడు పడుకోబెట్టి. తాళం చెవి తన జేబులోనే ఉందని చాచా ఒట్టేశాడు. అయితే ఆ తాళం చాలాకాలంగా పడడం లేదని కూడా ఒప్పుకున్నాడు. ఆయన నమాజుకు వెళ్ళే అరగంట మాత్రం గది ఖాళీగా ఉంటుంది. అప్పటిదాకా నేను కూడా ఆయనతోపాటే దిగి వెళ్ళిపోయేదాన్ని. ఒంటరిగా ఆ గదిలో ఉండాలంటే ధైర్యం చాలలేదు, అంతే.

ఐదోరోజు దిగలేదు.

చాచా వెళ్ళాడు. మెట్ల మీద ఆయన కర్ర చప్పుడు కిందికి పోయి ఆగిపోయింది. కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటిగా కనబడుతూ నిలిచిపోయాయి. ఎర్రరాయి గోడలోంచి వేడి వస్తోంది. కిటికీ కుర్చీ వైపు చూడకూడదని పత్రిక అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు వినబడింది, కాగితం మీద పెన్సిలు చప్పుడు. బర్ర్, ఒక చిన్న ఆగడం, మళ్ళీ బర్ర్. మెట్ల మీద ఎవరూ రాలేదు. తలుపు కదలలేదు. చప్పుడు కిటికీ వైపు నుంచే వస్తోంది.

పత్రిక దించాను. కుర్చీ ఖాళీగానే ఉంది.

ఎలా లేచానో తెలియదు. రెండడుగులు వేసి బీరువా పక్కకు వంగి చూశాను. బీరువాకూ కిటికీకీ మధ్య, ఒక మనిషి పట్టేంత సందులో, నేల మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పదహారేళ్ళుంటాయి. కాలేజీ యూనిఫాం. మోకాళ్ళ మీద పాత నవల ఒకటి. వెలిసిపోయిన గీతల మీద కొత్తగా పెన్సిలుతో దిద్దుతోంది. నాకంటే ముందే వచ్చి, చాచా కునుకు తీస్తుండగా అక్కడ దూరి కూర్చుందట. రోజూ అంతేనట.

నన్ను చూసి పెన్సిలు వెనక దాచింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ భయపడ్డారో చెప్పలేను.

"చాచాకు చెప్పకున్రి మేడం. మా మామకు తెలిస్తె కాలేజి బంద్ చేపిస్తడు."

"చెప్పను. ఆ పుస్తకం," అని అరలో ఉన్న నా నవల చూపించాను, "అది నువ్వే దిద్దినవా?"

తలూపింది.

తెలంగాణ సరిహద్దు పల్లెలో రైతుల పిల్ల. ఇంట్లో నాయనమ్మ మాట తెలుగు, బడిలో కన్నడ. బీదర్‌లో మామ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. కన్నడ అక్షరాలతో పోల్చుకుంటూ తెలుగు చదవడం ఈ బీరువా దగ్గరే తనంతట తాను నేర్చుకుంది. రాయడం కూడా ఇక్కడే, ఈ పెన్సిలు గీతలు చూసి. అందుకే ఆ గుండ్రటి అక్షరాలు, ఆ తోక. పోయినామె రాత ఈ పిల్ల చేతిలోకి అలా వచ్చింది.

"నాదెందుకు దిద్దినవ్?" అన్నాను.

ఆమె నా వైపు విచిత్రంగా చూసింది, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

"ఈ బీరువలయి అన్ని ఇట్లనే ఉన్నయి గద మేడం. తెలుగుల గిట్లనే ఉంటయనుకున్న. ముందు తప్పు అచ్చేస్తరు, ఎనుకనుంచి ఎవరో దిద్దుతరు. మీది కొత్తది, ఎవ్వలు దిద్దలె. అందుకే నేనే కూసున్న."

ఈ పిల్లకు తెలిసిన తెలుగు సాహిత్యమంతా ఇదే. ఇందులో యువరాణులు యువరాణుల కోసం అడవులు దాటారు, డాక్టరమ్మలు పల్లె పిల్లలకు ఉత్తరాలు రాశారు. నేను పదహారేళ్ళప్పుడు వెతికి వెతికి దొరకలేదని ఏడ్చినది, మా ఇంటికి పది నిమిషాల దూరంలో, అప్పటికే పెన్సిలుతో రాసి ఉంది.

"తప్పని ఎట్ల తెలిసింది?"

"తెలుస్తది గద. ఆ పిల్లగాడు తల ఆరబెట్టుకుంట గంటసేపు ఎండల కూసుంటడు. మొగపిల్లగాని తలకు గంట పడ్తదా? పక్కనున్నామె చేతులు తడిసినయని రాసిన్రు. జడ లేకుంటె చేతులెందుకు తడుస్తయి? ఇంగ నడుమల ఒక్క కాడ 'నీళ్ళు తాగింది' అని మీరే ఇడిచిపెట్టిన్రు. ఆ ఒక్కటి దొరికినంక అన్ని దొరికినయి."

పుస్తకం తెరిచి చూపించింది. నిజమే. నేనూ, ఎడిటరూ, ప్రూఫులు చూసినవాళ్ళూ ఎవరూ పట్టుకోని ఒక్క "తాగింది" అక్కడ కూర్చుని ఉంది.

"మీరు రాసినప్పుడు ఎట్లుండె?"

"నువ్వు దిద్దినట్లే ఉండె."

"మరెందుకు చెడగొట్టిన్రు?"

వారం తిరగకుండా ఇద్దరు అదే అడిగారు. ఈసారి జవాబు చెప్పాను. "భయమైంది."

ఆమె పెన్సిలు ముల్లు గోటితో తడిమి చూసుకుంది. కోపం ఏమీ కనబడలేదు. పెన్సిలు నా చేతిలో పెట్టబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుని అడిగింది. "ఆమె పేరేంది? గీత కొట్టిన గని, పైన ఏం రాయాల్నో తెల్వలె."

నేను పెట్టిన అసలు పేరు చెప్పాను. మొదటి పేజీలో, కొట్టేసిన పేరు మీద ఖాళీలో, నెమ్మదిగా రాసింది. "ది"కి పెట్టే తోకే ఆ పేరు చివర కూడా పెట్టింది.

కమలనగర్ నుంచి ఒకామె నిన్ను అడిగిందని చెప్పాను. ఎవరని అడిగితే, ఆ జడ ఆమెదేనన్నాను. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తరువాత ఆ మొదటి గీతలు ఎవరివని అడిగింది. టీచరమ్మల సంగతి, రెండు గదుల సంగతి, చాచా చెప్పినంత చెప్పాను. విన్నాక కిటికీ కుర్చీ వైపు, తను కూర్చున్న నేల వైపు మార్చి మార్చి చూసింది.

"అందుకేనా," అంది చాలా మెల్లగా, "ఈడ కూసుంటె నాకు ఒక్కదాన్నే ఉన్నట్టు అనిపియ్యది."

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరగడం మొదలుపెట్టగానే ఇద్దరం ఉలిక్కిపడ్డాం. మెట్ల మీద చాచా కర్ర వినబడేసరికి ఆమె పుస్తకాల సంచీ తీసుకుని ఆయన పక్కనుంచే దిగిపోయింది. ఎప్పుడొచ్చింది ఈ పిల్ల అని ఆయన నన్నడగలేదు. చూడనట్టు కుర్చీ సర్దుకున్నాడు. ఆయనకు ముందే ఎంత తెలుసో నేనూ అడగలేదు.

ఆ పేజీలన్నీ ఫోటోలు తీసి ఎడిటరుకు పంపాను. దిద్దిందెవరో చెప్పలేదు. ఒక పాఠకురాలు అని మాత్రం అన్నాను. మళ్ళీ వేస్తే నేను రాసినట్టే వేయమన్నాను. ఆవిడ చాలాసేపు విన్నారు.

"వేద్దామండీ. కాని పెద్దవాళ్ళ నవలగా వేద్దాం. అప్పుడు ఎవరూ ఏమీ అనరు."

"ఇది పెద్దవాళ్ళ కోసం రాయలేదండీ."

"నాకు తెలుసు. కాని ఒక్క ప్రిన్సిపాల్ ఫిర్యాదు చేస్తే మిగతా పుస్తకాలు కూడా వెనక్కొస్తాయి. నా దగ్గర పనిచేసేవాళ్ళకు నేనేం చెప్పను?"

ఆవిడ భయం కూడా నిజమైనదే. నా భయంకన్నా దానికి కారణాలు ఎక్కువ ఉన్నాయి. కాని ఈసారి నేను సరేననలేదు. యువత కోసం అన్న మాట అట్ట మీద ఉండకపోతే పుస్తకమే వద్దన్నాను. మూడు వారాలు ఫోన్ రాలేదు. తరువాత ఒక ఉదయం ఆవిడే చేశారు.

"ఆ ఫోటోలు రోజూ తెరిచి చూస్తున్నానండీ. చూసినకొద్దీ నా వెనక ఎవరో నిలబడి నేను అచ్చేసిన పుస్తకాలన్నీ తిరగేస్తున్నట్టుంటోంది. మీ మొదటి ప్రతి పంపండి. కొద్ది కాపీలే వేస్తాను."

వేశారు. అట్ట మీద ఇద్దరమ్మాయిలు. వెనక, చిన్న అక్షరాల్లో, యువత కోసం అని. రెండు స్కూళ్ళ నుంచి కట్టలు విప్పకుండానే తిరిగి వచ్చాయట. ఒక కాలేజీ లైబ్రరీ ఉంచుకుందట. ఇంతకన్నా పెద్ద విజయం ఏమీ జరగలేదు. ఆ పిల్ల పరీక్షలు రాసి వేరే ఊరికి చదువుకు వెళ్ళింది. వెళ్ళేముందు కొత్త ప్రతి ఒకటి కన్నడ గైడు అట్టలో చుట్టి ఇచ్చాను. సంచీలో అడుగున పెట్టుకుంది.

ఇంకొక ప్రతి తీసుకుని కమలనగర్ వెళ్ళాను. ఆమెకు తెలుగు చదవడం రాదు గనక నేనే చదివి వినిపిస్తానన్నాను. నాలుగు ఆదివారాలు పట్టింది. భర్త పొలం నుంచి వచ్చేలోపు, ముందు గదిలో, ఆమె చింతపండు గింజలు తీస్తూ వినేది. అక్కడక్కడ "గట్ల గాదు, ఆ దినం ఏడ్చింది నువ్వు" అని నన్ను సరిదిద్దేది.

నాలుగో ఆదివారం డాబా మీది ఘట్టం వచ్చింది. జడ ఉన్న పేరా. ఆమె చేతులు గింజల మధ్య ఆగిపోయాయి. నేను చదువుతున్నాను. ఒక వాక్యం చివర ఊపిరి కోసం తలెత్తితే, లోపలి గది తలుపుకు వేసిన పరదా కింద రెండు పాదాలు కనబడ్డాయి. ఒక వెండి పట్టీ, చిన్న వేళ్ళు. కూతురు. ట్యూషనుకు వెళ్ళిందనుకున్నాం. ఎన్ని ఆదివారాల నుంచి అక్కడ నిలబడి ఉందో తెలియదు. ఆ పిల్ల మాతో మరాఠీలోనే మాట్లాడుతుంది. తెలుగు అర్థం కాదని మా ఇద్దరికీ నమ్మకం.

తల్లి కూడా చూసింది. ఆమె మొహంలో రంగు పోయింది. నా వైపు తిరిగింది. ఆపమంటుందేమోనని ఎదురుచూశాను. పరదా గాలికి ఊగింది, పాదాలు మాత్రం కదలలేదు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆగినవెందుకు?" అంది, నా కళ్ళలోకి చూస్తూ, పరదా దాకా వినబడేంత గట్టిగా. "చదువు."